అల్జీరియాలో వక్ఫుల విధ్వంసం – ఒక సమాజపు విద్య ఎలా ఎండిపోయింది?

ఒక దేశాన్ని పరాయి సామ్రాజ్యం ఆక్రమించుకొన్నప్పుడు కలిగిన నష్టాన్ని సాధారణంగా మూడు లెక్కలలో చెబుతుంటారు. ఎందరు చనిపోయారు? ఎంత భూమి పోయింది? ఎంత సంపద సముద్రం దాటింది? ఈ లెక్కలన్నీ అవసరమైనవే. కాని వీటిలో చేరని నష్టం మరొకటి ఉంది. ఒక తరం నేర్చుకొన్న విద్యను తర్వాతి తరానికి అందజేసే ఏర్పాటు ప్రతి సమాజంలోనూ ఉంటుంది. ఆ ఏర్పాటు ఒకసారి చెడిపోతే, కోటమీద జెండా మారినంత మాత్రాన అది తిరిగి రాదు.

ఈ విషయాన్ని గ్రహించడానికి అల్జీరియా చరిత్ర ఎంతో ఉపకరిస్తుంది. 1830 నుండి 1962 వరకు, అనగా 132 సంవత్సరాలు, ఆ దేశం ఫ్రాన్సు ఆధీనంలో ఉండింది. మన దేశానికి ఆంగ్లేయులు పాలించడానికి వచ్చారు. ఉద్యోగకాలం ముగియగానే చాలామంది స్వదేశానికి వెళ్ళిపోయేవారు. అల్జీరియాకు ఫ్రెంచివారు స్థిరపడటానికే వచ్చారు. 1848లో ఆ దేశాన్ని తమ దేశంలో ఒక భాగంగానే ప్రకటించి, దానిని మూడు ఫ్రెంచి జిల్లాలుగా విభజించారు. 1954 నాటికి సుమారు 85 లక్షల ముస్లిముల మధ్య దాదాపు 10 లక్షల మంది యూరోపియన్లు కాపురముండేవారు. పాలించేవానికి పన్ను చాలు. కాపురముండేవానికి భూమి కావాలి. అల్జీరియాలో జరిగిన అనేక పరిణామాలకు ఈ తేడాయే మూలం.

వక్ఫుపై నడిచిన నగరం

ఒక ఆస్తిని అమ్మకుండా, దానం చేయకుండా, వారసులు పంచుకోకుండా నిలిపివేసి, దాని ఫలసాయాన్ని మాత్రం సత్కార్యానికి వినియోగించటమే వక్ఫు. ఖైబర్‌లో తమకు లభించిన భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయవలసిందిగా దైవప్రవక్త (స) సలహా ఇచ్చారన్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఉత్తర ఆఫ్రికాలో దీనిని 'హుబుస్' అంటారు. నిలిపివేయబడినది అని దాని అర్థం.

1830కి ముందు అల్జీర్స్ నగరంలో ఈ హుబుస్ ఆస్తులు చాలా విస్తారంగా ఉండేవి. ఇళ్ళు, దుకాణాలు, తోటలు, స్నానశాలలు అనేకం వక్ఫు చేయబడి ఉండేవి. వాటిలో అతి పెద్దది 'హరమైన్' వక్ఫు. దాని ఆదాయంలో నుండి మక్కా, మదీనా నగరాల పేదలకు సొమ్ము వెళ్ళేది. నగరంలోని పేదలకూ సహాయం అందేది. హనఫీ మస్జిదులను పోషించే వక్ఫు ఒకటి, స్పెయిన్ నుండి తరిమివేయబడి వచ్చిన అందలూసీల సంతతి కోసం ఒకటి, నగరానికి నీరు తెచ్చే ఊటల నిర్వహణకు ఒకటి – ఇలా ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క ఏర్పాటు ఉండేది. మస్జిదులో ఇమాముకు, మక్తబులో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే గురువుకు, మదరసాలో హదీసు, ఫిఖహ్ బోధించే పండితునికి, దూరప్రాంతాల నుండి వచ్చిన విద్యార్థి భోజనానికి కావలసిన డబ్బు ఈ ఆస్తుల నుండే వచ్చేది. గ్రామాలలో ఈ పనిని 'జావియా'లు చేసేవి. సూఫీ గురువుల నివాసాలైన ఈ జావియాలు పాఠశాలలుగానూ, సత్రాలుగానూ కూడ ఉపయోగపడేవి.

అందువల్ల అక్కడ విద్యకు ప్రభుత్వ ఖజానాతో పెద్దగా సంబంధం లేదు. పాలకుడు మారినా, ఖజానా ఖాళీ అయినా బడి నడిచేది. ఈ ఏర్పాటు బలం అదే. కాని ఆస్తి పోతే బడి కూడ ఆ రోజే పోతుంది. దాని బలహీనత కూడ అదే.

వాగ్దానం, ఉల్లంఘన

ఫ్రెంచి విప్లవకాలంలో ఫ్రాన్సుకు అల్జీరియా నుండి ధాన్యం అరువుగా వెళ్ళింది. ఆ బాకీ విషయమై జరిగిన వాగ్వాదంలో 1827లో అల్జీర్స్ పాలకుడైన దాయి హుసేన్ ఫ్రెంచి కాన్సులును విసనకర్రతో కొట్టాడు. దీనిని సాకుగా తీసుకొని ఫ్రాన్సు మూడేళ్ళు సముద్ర దిగ్బంధం జరిపి, 1830 జూన్ 14న సైన్యాన్ని దింపింది. జులై 5న నగరం లొంగిపోయింది. ఆ రోజు ఫ్రెంచి సేనాని సంతకం చేసిన ఒప్పందంలో ముస్లిముల మతాచరణ స్వేచ్ఛగా సాగుతుందనీ, ప్రజల స్వేచ్ఛకు, మతానికి, ఆస్తులకు, వ్యాపారానికి భంగం కలగదనీ స్పష్టంగా వ్రాయబడింది.

ఆ మాట మూడు నెలలు తిరగకుండానే తప్పింది. అదే సంవత్సరం సెప్టెంబరులో సేనాని క్లోజెల్ ఉత్తర్వు ద్వారా హరమైన్ వక్ఫును ప్రభుత్వపరం చేయ నిశ్చయించాడు. డిసెంబరులో మస్జిదుల వక్ఫులను కూడ ప్రభుత్వ ఆస్తుల శాఖకు అప్పగిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. ప్రజల ప్రతిఘటన వల్ల ఇవి వెంటనే పూర్తిగా అమలు కాకపోయినా త్రోవ మాత్రం ఏర్పడింది. 1832లో నగరంలోని ప్రసిద్ధమైన కెచావా మస్జిదును స్వాధీనం చేసుకొని క్రైస్తవ దేవాలయంగా మార్చారు. 1843లో మస్జిదుల, జావియాల ఆస్తులు ప్రభుత్వ ఆస్తులలో కలిసిపోయాయి.

కాని అన్నిటికంటె లోతుగా కోసినది 1844 నాటి శాసనం. ముస్లిం నుండి యూరోపియన్ ఒక ఆస్తిని కొన్నప్పుడు, అది హుబుస్ ఆస్తి గనుక అమ్మకం చెల్లదని ఎవరూ వాదించటానికి వీలులేదని ఆ శాసనం చెప్పింది. 1858లో ముస్లిముల మధ్య జరిగే అమ్మకాలకు కూడ దీనిని వర్తింపజేశారు. వక్ఫును రద్దు చేస్తున్నామని ఎక్కడా అనలేదు. దాని ప్రాణమైన 'అమ్మరాదు' అన్న నియమాన్ని మాత్రం తీసివేశారు. ఇక మిగిలింది పేరు మాత్రమే.

అటుపిమ్మట కొందరు ఫ్రెంచి న్యాయ పండితులు రంగంలోకి దిగారు. సంతానం కోసం చేసే వక్ఫు అసలు ఇస్లాంకే విరుద్ధమనీ, ఖుర్ఆన్ నిర్ణయించిన వారసత్వ భాగాలను తప్పించుకొనే ఉపాయమనీ వారు గ్రంథాలు వ్రాశారు. కొందరు దాతలు వక్ఫు ముసుగులో కూతుళ్ళను వెనుకకు నెట్టిన మాట నిజమే. ఆ దోషాన్ని ఫుఖహాలు కూడ చర్చించారు. కాని ఇక్కడ గమనించవలసింది వరుస క్రమం. ముందు చట్టం వచ్చింది. దానిని సమర్థించే పాండిత్యం తరువాత వచ్చింది.

భూమి చేతులు మారిన తీరు

పట్టణాలలో వక్ఫులకు జరిగినదే పల్లెలలో ఉమ్మడి భూములకు జరిగింది. అమీర్ అబ్దుల్ ఖాదిర్ 1832లో బైఅత్ స్వీకరించి 1847 వరకు ప్రతిఘటన నడిపారు. ఆయన యోధుడే గాక విద్వాంసుడు కూడ. ఆయన గుడారాల రాజధాని 1843లో శత్రువుల చేతికి చిక్కినప్పుడు, ఎంతో శ్రమతో సేకరించిన గ్రంథాలయం కూడ నాశనమైంది.

1863 చట్టం తెగల భూములు తెగలవేనని గుర్తించింది. పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని అదే చట్టం తెగను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, క్రమంగా ఉమ్మడి భూమిని వ్యక్తుల పట్టాలుగా మార్చటానికి దారి తీసింది. 1873లో వచ్చిన వార్నియే చట్టం భూములన్నిటినీ ఫ్రెంచి న్యాయం క్రిందికి తెచ్చింది. ఉమ్మడి ఆస్తిలో ఎంత చిన్న వాటా కొన్నవాడైనా సరే, మొత్తం ఆస్తిని పంచమని కోర్టుకు వెళ్ళవచ్చు. పంపకానికి కుదరకపోతే వేలమే గతి. భాష తెలియని రైతు కోర్టు ఖర్చులకే నేల కోల్పోయేవాడు.

1871లో కబీలియా ప్రాంతంలో ముఖ్రానీ నాయకత్వాన, రహ్మానియా తరీఖా గురువైన షేఖ్ హద్దాద్ పిలుపుతో పెద్ద తిరుగుబాటు జరిగింది. దానిని అణచిన తరువాత సుమారు 3 కోట్ల 60 లక్షల ఫ్రాంకుల జరిమానా విధించి, సుమారు 4,50,000 హెక్టార్లు, అనగా 11 లక్షల ఎకరాలు జప్తు చేశారు. నాయకులను వేల మైళ్ళ దూరానగల న్యూ కాలిడోనియా దీవికి పంపారు. అదే ఏడు, జర్మనీ చేతిలో ఆల్సాస్, లోరేన్ ప్రాంతాలను కోల్పోయి వచ్చిన ఫ్రెంచివారికి అల్జీరియాలో లక్ష హెక్టార్లు కేటాయిస్తూ చట్టం చేయబడింది. ఐరోపాలో పోయిన నేలకు ఆఫ్రికాలో పరిహారం చెల్లించబడిందన్న మాట.

ఆ నేల మీద ఏమి పండించారు? ఫ్రాన్సులోని ద్రాక్షతోటలను ఒక పురుగు నాశనం చేయగా, ఆ కొరత తీర్చటానికి అల్జీరియాలో ద్రాక్ష వేశారు. 1930ల నాటికి ఆ తోటలు దాదాపు 4 లక్షల హెక్టార్లకు వ్యాపించాయి. సారాయం త్రాగని ప్రజల దేశం సారాయం ఎగుమతిలో ప్రపంచంలోనే ముందువరుసకు వచ్చింది. ప్రజల ఆహారమైన గోధుమ, బార్లీ సాగు చౌడు నేలలకు, కొండవాలులకు నెట్టబడింది. 1950ల నాటికి యూరోపియన్ల చేతిలో సుమారు 27 లక్షల హెక్టార్లు ఉండేవి. సారవంతమైన మైదానాలు ఎక్కువగా అందులోనివే.

బడి మూతపడిన విధం

ఆదాయం పోయిన మదరసాలు ఒకదాని తరువాత ఒకటి మూతపడ్డాయి. గురువులు కొందరు మొరాకోకు, ట్యునీషియాకు, సిరియాకు వలసపోయారు. ఈ సంగతిని గమనించినవారు ముస్లిములు మాత్రమే కాదు. ప్రసిద్ధ ఫ్రెంచి రాజనీతి రచయిత టోక్విల్ 1847లో తమ పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో, ధర్మసంస్థల ఆదాయాన్ని తామే మళ్ళించుకొని పాఠశాలలను పాడుబెట్టామనీ, తాము రాకముందుకంటె ముస్లిం సమాజాన్ని మరింత అజ్ఞానంలోకి నెట్టామనీ ఒప్పుకొన్నాడు. అతడు వలస పాలనను వ్యతిరేకించినవాడు కాడు, దానిని సమర్థించినవాడు. అందుచేతనే అతని సాక్ష్యానికి ఎక్కువ విలువ.

పాత బడి పోయిన చోట కొత్త బడి వచ్చిందా? 1850లో ప్రభుత్వం మూడు మదరసాలను స్థాపించింది. వాటి పని ఖాజీలను, దుబాసీలను, గుమాస్తాలను తయారుచేయటం. సామాన్య ముస్లిం బాలుని సంగతి చూస్తే, 1890 ప్రాంతంలో బడి ఈడు పిల్లలలో నూటికి ఇద్దరు మాత్రమే ఫ్రెంచి పాఠశాలలలో ఉండేవారు. ముస్లిముల చదువుకు ఖర్చు చేయటాన్ని వలసదారుల ప్రతినిధులు పదే పదే అడ్డుకొన్నారు. మరొక ప్రక్క ముస్లిములు సొంతంగా అరబీ బడి పెట్టుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 1938 మార్చిలో వచ్చిన ఉత్తర్వు ఈ నిబంధనను ఇంకా బిగించింది. అనుమతి లేకుండా పాఠం చెప్పిన గురువులు కోర్టుకు ఈడ్వబడ్డారు. ఆ దేశపు భాషయైన అరబీ పాఠశాలలలో ఆచరణలో పరాయి భాష అయిపోయింది.

పౌరసత్వం విషయంలోనూ ఇదే వైఖరి. 1865 చట్టం ప్రకారం అల్జీరియా ముస్లిం ఫ్రెంచి ప్రజయే గాని పౌరుడు కాడు. పౌరుడు కావాలంటే వివాహ, వారసత్వాది విషయాలలో షరీఅత్‌ను వదులుకోవాలి. పేరుకు ముస్లింగానే ఉండవచ్చు. ఇస్లాం ప్రకారం కుటుంబాన్ని నడపరాదు. ఏళ్ళు గడిచినా ఈ షరతుకు ఒప్పుకొన్నవారు కొద్ది వేలకు మించలేదు.

1905లో ఫ్రాన్సు మతాన్ని, రాజ్యాన్ని వేరుచేస్తూ చట్టం చేసింది. 1907లో దానిని అల్జీరియాకు విస్తరించారు. ఆ చట్టం నిజంగా అమలైతే మస్జిదులూ, వాటి వక్ఫులూ ముస్లిముల చేతికి రావాలి. కాని మినహాయింపుల పేరుతో ఇమాములకు భత్యం ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకొన్నది. వక్ఫు ఉన్నంతకాలం ఇమాము ఎవరికీ లోబడవలసిన అవసరం లేదు. వక్ఫు పోయిన తరువాత అతడు నెలసరి భత్యం కోసం ఎదురుచూసే ఉద్యోగి అయ్యాడు. వక్ఫు నష్టంలో అతి చేదైన భాగం బహుశా ఇదే.

మన దేశంలో

ఇటువంటి గాలి మన దేశంలోనూ వీచింది. బెంగాలులో 1828 తరువాత శిస్తులేని భూములను తిరిగి ప్రభుత్వపరం చేయటం వల్ల ముస్లిముల విద్యాసంస్థలు ఎంతగా చితికిపోయాయో ఆంగ్లేయ అధికారి హంటర్ 1871లోనే వ్రాశాడు. 1894లో, కలకత్తా హైకోర్టు నుండి వెళ్ళిన ఒక అప్పీలులో, లండనులోని ప్రివీ కౌన్సిల్ సంతానం కోసం చేసిన వక్ఫు చెల్లదని తీర్పు చెప్పింది. జస్టిస్ అమీర్ అలీ 1892లోనే ఈ దృక్పథంతో విభేదించి ఉన్నారు. మౌలానా షిబ్లీ నుఅమానీ ఆందోళన నడిపారు. జిన్నా శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. ఫలితంగా 1913 చట్టం ద్వారా అటువంటి వక్ఫులకు మళ్ళీ గుర్తింపు వచ్చింది.

కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రోజులలో మద్రాసు రాజధానిలో ఉండేవి. అక్కడ 1817 నాటి రెగ్యులేషన్ ద్వారా మస్జిదుల, దేవాలయాల ధర్మాస్తుల పర్యవేక్షణను రెవిన్యూ బోర్డు తీసుకొన్నది. 1863 చట్టంతో ఆ బాధ్యతను వదులుకొని కమిటీలకు, ధర్మకర్తలకు అప్పగించింది. ఇక్కడ వక్ఫులు నిర్లక్ష్యానికి గురియైనవి, అన్యాక్రాంతమైనవి కూడ. కాని అల్జీరియాలోవలె మూకుమ్మడిగా మాయం కాలేదు. కారణం ఆంగ్లేయుల ఔదార్యం కాదు. ఇక్కడి నేలమీద లక్షలాదిగా కాపురం పెట్టవలసిన వలసదారులు వారికి లేకపోవటమే.

కాసులతో కట్టిన బడులు

1930లో ఫ్రెంచివారు తమ ఆక్రమణకు నూరేళ్ళు నిండిన ఉత్సవాన్ని అట్టహాసంగా జరిపారు. మరుసటి సంవత్సరం, 1931 మే 5న, అల్జీర్స్‌లో 'అల్జీరియా ముస్లిం ఉలమా సంఘం' ఏర్పడింది. దాని అధ్యక్షుడు షేఖ్ అబ్దుల్ హమీద్ బిన్ బాదీస్. 1889లో ఖుసంతీనా నగరంలో జన్మించి, ట్యునీషియాలోని జైతూనాలో చదువుకొన్న ఈయన తమ నగరంలోని 'పచ్చ మస్జిదు'లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. పగలు పిల్లలకు, సాయంత్రం పెద్దలకు బోధించేవారు. ఖుర్ఆన్ వ్యాఖ్యానాన్ని పాతికేళ్ళపాటు బోధించి 1938లో పూర్తిచేశారు. 'అష్షిహాబ్' పత్రికను నడిపారు.

వక్ఫులు లేవు, ప్రభుత్వ సహాయం లేదు. ఉలమా సంఘం చేసిన పని అతి సాధారణమైనది. ఊరూరా తిరిగి, చిరు వ్యాపారుల నుండి, చేతిపనివారి నుండి, ఫ్రాన్సు కర్మాగారాలలో కూలికి పోయినవారి నుండి చందాలు పోగుచేసి, అరబీ బడులు తెరిచింది. ఆడపిల్లలకు కూడ చదువు చెప్పించింది. అనుమతి లేదని మూసివేస్తే మరొక చోట తెరిచింది. మతవ్యవహారాలలో ప్రభుత్వ జోక్యం తొలగాలనీ, వక్ఫు ఆస్తులు తిరిగి ఇవ్వాలనీ కోరుతూ వచ్చింది. బిన్ బాదీస్ 1940 ఏప్రిల్ 16న కన్నుమూశారు. షేఖ్ బషీర్ ఇబ్రాహీమీ ఆ బాధ్యత స్వీకరించారు. 1947లో ఖుసంతీనాలో బిన్ బాదీస్ పేర ఒక విద్యాలయం వెలిసింది. ఆయన మరణించిన తేదీని అల్జీరియాలో 'విద్యా దినం'గా పాటిస్తున్నారు.

తిరిగి వచ్చినవి, రానివి

1954 నవంబరు 1న ప్రారంభమైన సాయుధ పోరాటం 1962 జులై 5న స్వాతంత్ర్యంతో ముగిసింది. ఆ యుద్ధంలో మరణించినవారు 15 లక్షలని అల్జీరియా లెక్క. చరిత్రకారుల అంచనాలు ఇంతకంటె తక్కువగా ఉన్నాయి. వలసదారులలో అత్యధికులు కొద్ది నెలలలోనే దేశం విడిచిపోయారు. వారు విడిచిన కమతాలు 1963లో జాతీయం చేయబడ్డాయి. 1962 నవంబరు 2, శుక్రవారంనాడు కెచావా మస్జిదులో 130 ఏళ్ళ తరువాత మళ్ళీ జుమా నమాజు జరిగింది. ఖుత్బా ఇచ్చినది షేఖ్ బషీర్ ఇబ్రాహీమీ.

నేల తిరిగి వచ్చింది. మస్జిదు తిరిగి వచ్చింది. కాని స్వతంత్ర దేశంలో నూటికి 85 మందికి పైగా ఏ భాషలోనూ చదవలేనివారే. వెళ్ళిపోతూ వలస పక్షపు రహస్య ముఠా జూన్ 7న అల్జీర్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నిప్పుపెట్టింది. అరబీ నేర్పటానికి ఈజిప్టు, సిరియా, ఇరాక్ దేశాల నుండి ఉపాధ్యాయులను రప్పించవలసి వచ్చింది. ఒకప్పుడు పొరుగు దేశాలకు పండితులను పంపిన గడ్డ తన పిల్లలకు అక్షరాలు దిద్దించటానికి పరాయివారిని పిలువవలసి వచ్చిందన్న మాట. మాలిక్ హద్దాద్ వంటి రచయిత ఫ్రెంచి భాషే తనకు ప్రవాసమని బాధపడి, స్వాతంత్ర్యానంతరం నవలా రచన మానుకొన్నాడు. పరిపాలన ఏ భాషలో సాగాలి, కబీలియా మొదలైన ప్రాంతాల బెర్బెర్ భాషకు ఏ స్థానమివ్వాలి అనే వివాదాలు దశాబ్దాల తరబడి సాగాయి. వక్ఫుల కోసం ప్రత్యేక చట్టం 1991లో గాని రాలేదు. వలస పాలన నాటి దస్త్రాలలో చాలా భాగం ఫ్రాన్సుకు తరలిపోయింది.

ఒక ఆక్షేపణ

ఫ్రెంచివారు రోడ్లు వేయలేదా, ఆసుపత్రులు కట్టలేదా, చిత్తడి నేలలను బాగుచేయలేదా అని కొందరు ప్రశ్నిస్తారు. చేశారు. అయితే రైలు ఎక్కడి నుండి ఎక్కడికి పోయింది, బాగుచేసిన నేల ఎవరి పేర నమోదైంది అన్న ప్రశ్నలను కూడ దానితోపాటే వేసుకోవాలి.

వక్ఫుల నిర్వహణ సరిగా లేదన్నది మరొక వాదం. దీనిలో కొంత నిజముంది. ఆదాయాన్ని మ్రింగిన ముతవల్లీలు లేకపోలేదు. నామమాత్రపు అద్దెకు తరతరాల కౌళ్ళు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కాని లెక్కలు చూడని ముతవల్లీకి శిక్ష అతనిని తొలగించి, యోగ్యుని నియమించటం. ఆస్తినే మ్రింగివేయటం శిక్ష కాదు, లాభం. ఇంట్లో దొంగ ఉన్నాడని చెప్పి ఇల్లే స్వాధీనం చేసుకొన్నవానిని సంస్కర్త అనలేము.

ఈ వాదంలో ముస్లిములు నేర్చుకోవలసినది కూడ లేకపోలేదు. లెక్కలు సరిగా ఉంచని వక్ఫు, దస్తావేజులు భద్రపరచని వక్ఫు, ఆదాయాన్ని విద్యకు గాక మరొకదానికి ఖర్చుచేసే వక్ఫు – పరాయివాని చేతికి తానే సాకు అందిస్తుంది. మనిషి మరణంతో అతని కర్మలు ఆగిపోతాయనీ, నిరంతరం సాగే దానం, ప్రయోజనకరమైన విద్య, తన కోసం ప్రార్థించే సంతానం మాత్రం ఆగవనీ దైవప్రవక్త (స) బోధించారు. వక్ఫులో ఈ మూడూ ఒకచోట కలుస్తాయి: దాత చేసిన దానం, దానిపై నడిచే విద్య, ఆ విద్యతో పెరిగే పిల్లలు. అల్జీరియాలో సామ్రాజ్యం మొదటిదానిని తెంచింది. మిగిలిన రెండూ వాటంతట అవే ఎండిపోయాయి. వాటిని తిరిగి చిగురింపజేసినది ఏ ప్రభుత్వమూ కాదు. ఒక మస్జిదులో కూర్చొని పాతికేళ్ళు పాఠం చెప్పిన గురువు, ఆయన బడికి తమ కూలిలో నుండి కాసులు తీసి ఇచ్చిన సామాన్యులు.